ముక్క సైజు

“ముక్క సైజు మారిస్తే డిస్కుల్లో ఉన్నదంతా తుడుచుకుపోద్ది సార్,” అన్నాడు సాయిశంకర్.

“నకళ్ళున్నాయిగా, టేపుల్లోంచి మళ్ళీ ఎక్కించు. సోమవారం క్రేను ప్రమాదం మీద ఎంక్వయిరీ ఆఫీసరు వస్తున్నాడు. ఆయన ముందు మీట నొక్కితే టక్కున రావాలి,” అన్నాడు మేనేజరు గవర్రాజు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. “ఏ టేపు ఎక్కించాలో, ఏది అక్కర్లేదో నీకు చెప్పక్కర్లేదుగా. నీ ప్రొబేషను కాగితం నా టేబులు మీదే ఉందోయ్.”

అది విశాఖ పోర్టులో ఇనుప ఖనిజం ఓడలకెత్తే ప్రైవేటు కంపెనీ. క్రేన్ల ప్రతి కదలికా ఆ కంప్యూటర్లో నమోదవుతుంది. ఆరు డిస్కుల్ని ఒకటిగా కట్టి, ప్రతి ఫైలునీ ముక్కలు కోసి ఆరింటికీ పంచుతారు. అమ్మినవాడు ముక్క మరీ చిన్నది పెట్టి పోయాడు. ఒక్క పేజీ కావాలన్నా ఆరు డిస్కులూ కదలాలి. నెల రిపోర్టు అడిగినవాడు బయటికెళ్ళి టీ తాగి వచ్చినా తెర ఖాళీగానే ఉండేది.

కిటికీ అవతల, తూకం షెడ్డు నీడలో దేముడమ్మ కూర్చుని ఉంది. వారం రోజులుగా పద్మనాభం నుంచి మొదటి బస్సుకే వస్తోంది. ఆమె మొగుడు వరహాలు క్రేను ఆపరేటరు. సెప్టెంబరు పద్నాలుగున క్రేను పట్టాల చివర దాటి పడిపోయింది. వరహాలు కేబిన్‌లోనే నలిగిపోయాడు. తాగి నడిపాడని కంపెనీ రాసేసింది.

“డబ్బులు నాకొద్దు. ఆయన తాగనేదని, బ్రేకే పట్టనేదని కాయితం ఇయ్యండి సాలు,” అనేది ఆమె, కనబడ్డవాడికల్లా.

“తాగుబోతు పెళ్ళానికి ఇంత పౌరుషమేటి?” అన్నాడు సెక్యూరిటీ ఎల్లాజీ.

“నీ నోరు పడిపోనూ!”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సాయిశంకర్ ఆమెకు ముఖం చాటేసి, రోజూ వెనక గేటు నుంచి టౌన్లోని తన గదికి పోతున్నాడు.

పని మొదలుపెట్టాడు. వేగం కొలవాలంటే ప్రతిసారీ ఒకే ఫైలు తెరవాలి. అన్నిటిలోకీ పెద్దది సెప్టెంబరు పద్నాలుగో తేదీ ఫైలు. అదే తీసుకున్నాడు.

ముక్క సైజు పదహారు కేబీ. ఫైలు తెరుచుకోడానికి ఇరవై ఒక్క సెకన్లు. తుడిచాడు, మళ్ళీ ఎక్కించాడు. అరవై నాలుగు. పదకొండు సెకన్లు. తుడిచాడు. నూట ఇరవై ఎనిమిది. ఏడు. ఇంకా పెంచితే మళ్ళీ నెమ్మదించింది.

ప్రతిసారీ తెర మీద అవే వరసలు. బ్రేకు నొక్కాడు. పట్టలేదు. నొక్కాడు. పట్టలేదు. నొక్కాడు.

మూడో రోజుకి నూట ఇరవై ఎనిమిది ఖాయం చేశాడు. ఆ ఫైలు అంత వేగంగా ఎన్నడూ తెరుచుకోలేదు. ఆఖరిసారి డిస్కులు తుడిచి టేపులన్నీ ఎక్కించాడు, సెప్టెంబరుది తప్ప. అక్కడ టేపులకెప్పుడూ కొరతే. పాతదాని మీదే కొత్తది రాయడం వాళ్ళ అలవాటు. సెప్టెంబరు మీద అక్టోబరు రాసేశాడు.

సోమవారం ఆఫీసరు మీట నొక్కాడు. ఆగస్టు టక్కున వచ్చింది.

“సెప్టెంబరేదీ?”

“స్పీడు పెంచేటప్పుడు పోయింది సార్.”

ఆఫీసరు రెండు ముక్కలు రాసుకుని లేచాడు. గవర్రాజు ఆయన్ని భోజనానికి తీసుకెళ్ళాడు.

ఎంక్వయిరీకని లోపలికొచ్చి అప్పటిదాకా గోడవార నిలబడ్డ దేముడమ్మ బల్ల దగ్గరికొచ్చింది.

“పోకముందు దాన్ని నువ్వు సూసేవా?”

“సూడనేదు.”

“నా కళ్ళలోకి సూసి సెప్పు.”

సాయిశంకర్ కీబోర్డు మీది ఎర్ర దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

“మీ అయ్య సితి సల్లారకముందే ఆళ్ళు నిన్ను పిలిసి ఉజ్జోగం ఎందుకిచ్చారో ఇప్పుడు తెలిసిందిరా,” అని కన్నకొడుకు ముఖం మరి చూడకుండా వెళ్ళిపోయింది దేముడమ్మ.