వాపసు

ఇకమీదట తమ వాకిట్లో చెత్త పోసినవాళ్ళ మీద ఎవరైనా మదనపల్లె మునసబు కోర్టులో దావా వేయవచ్చునని పుంగనూరులో దండోరా వేశారు. మునెప్ప నవ్వుకుని, వేరుశనగ పొట్టును ఎప్పటిలాగే పక్కింటి అజీజాబీ వాకిట్లో కుమ్మరించాడు.

రెండు రోజులకు ఆ ముసలమ్మ గోడ మీదుగా పిలిచింది. "నిన్న మదనపల్లెకు పోయింటినప్పా. నీ పేరు సెప్పి ద..." తక్కిన మాట దగ్గులో కొట్టుకుపోయింది.

మునెప్పకు అది 'దావా' అనే వినబడింది. కోర్టు వాళ్ళొచ్చి బి.కొత్తకోట బావ ఎద్దుల్ని జప్తు చేసి తోలుకుపోవడం అతను కళ్ళారా చూశాడు. లోపల కూతురు జ్వరంతో మూలుగుతోంది. ఇల్లే పోతే ఈ బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి? పరుగెత్తి ఆమె వాకిలంతా ఊడ్చాడు. కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా! ఇంక పొయ్యను. దాన్ని వాపసు తీసుకో."

అజీజాబీ బిత్తరపోయింది. "దువా వాపసు తీసుకునేదేందప్పా? నీ బిడ్డ జెరం పోవల్లని దర్గాలో అల్లాను అడుక్కొనొస్తి. సరే, నీకిష్టం లేకుంటే..." అంటూ రెండు చేతులూ పైకెత్తబోయింది.

మునెప్ప ఆ చేతులు లేవకుండా గట్టిగా పట్టుకున్నాడు.

"వొద్దమ్మా! వాపసొద్దు!"