మూడు రోజుల కాపలా

అణు విద్యుత్ కేంద్రం పేలాక మనుషులంతా ఖాళీ చేసిపోయిన ఊరది. ఓ ఇంటి గుమ్మంలో కుక్క కాపలా కాస్తోంది. వానకి తడిసిన నక్క ఒకటి వచ్చి, "లోపల పడుకోనా అన్నా?" అనడిగింది.

"కుదరదు. మూడు రోజుల్లో వచ్చేస్తాం, ఇల్లు చూసుకోమని యజమాని చెప్పి వెళ్లాడు."

"నీతోనా?"

"మా తాతగారి ముత్తాతతో."

పెరట్లో ముసలి తాబేలు తల బయటపెట్టింది. "మీ యజమాని వెళ్లాక ముసుగులేసుకున్నవాళ్లు వచ్చి మట్టిని పరీక్ష చేశారు నాయనా. ఇందులో విషం పోవడానికి మూడొందల ఏళ్లు పడుతుందన్నారు. అందాకా ఎవరూ రారు."

కుక్క, మూడు చెవులతో పుట్టిన తన పిల్లను దగ్గరికి పిలిచింది.

"అన్ని చెవులూ పెట్టి విను. మన ఉద్యోగం పర్మనెంటయింది."