మళ్ళీ ఆఫ్ అయింది

స్క్రీన్ మళ్ళీ నల్లబడింది.

ఏబెల్ మౌస్ వదిలేసి నుదురు పట్టుకున్నాడు. విసుక్కోవడానికి కూడా ఓపిక లేదు.

"ఏమప్పా, మళ్ళా ఆఫయిపోయిందా?" పక్క కుర్చీలోంచి కుప్పయ్య గయ్యిమన్నాడు. "ఈ ముసలి కంప్యూటర్ని పెట్టుకొని స్టూడియో నడపతా ఉండావే, సిగ్గుగా లేదా నీకు?"

సిగ్గు సంగతి దేవుడెరుగు, ఏబెల్‌కి సరైన నిద్రే లేదు. పెళ్ళిళ్ల సీజన్. ఆల్బమ్‌లు పేరుకుపోయాయి. కంప్యూటరేమో కూతురు గ్రేసీ బడిలో చేరిన ఏడాది కొన్నది. గ్రేసీ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

సత్యవేడులోని ఆ స్టూడియోలో ఎడిటింగ్‌కి ఒక పద్ధతి ఉంది. ఫోటో ఎవరిదైతే వాళ్ళు కుర్చీ లాక్కుని ఏబెల్ పక్కనే కూర్చుంటారు. తెరకు వేలు ఆనించి, ఆ మచ్చ తీసెయ్, ఈ చెంప తెల్లగా చెయ్ అని చెబుతూనే ఉంటారు. ఏబెల్ ఊ కొడుతూ చేస్తూనే ఉంటాడు.

కుప్పయ్యది మచ్చ తీసే పని కాదు. మనిషిని తీసే పని.

ఆయన కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి చుట్టాలంతా వస్తారు. హాల్లో కుటుంబం ఫోటో పెద్దది చేయించి తగిలించాలి. ఉన్నది ఒక్కటే మంచి ఫోటో. అందులో నడిమధ్య, తండ్రి భుజం మీద చెయ్యి వేసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ రూపశ్రీ ఉంది. ఇంట్లో చెప్పకుండా ఇష్టపడినవాణ్ణి చేసుకుని, రేణిగుంటలో కాపురం పెట్టిన పెద్ద కూతురు.

"దాని మొకం నా ఇంట్లో ఉండగూడదు," అన్నాడు కుప్పయ్య మొదటిరోజే. "నా ముందరే తుడిచెయ్యాల. నేను కండ్లారా సూడాల. ఫోటో నీ దగ్గిర వదిలిపెట్టేది మాత్రం లేదు."

అన్నట్టే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వచ్చేవాడు, జేబులో వేసుకుని పోయేవాడు. వచ్చినప్పుడల్లా ఇదే వరస. వెనక రంగు సరిచేసేదాకా అంతా బాగుంటుంది. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి బల్ల కింది యూపీఎస్ ఠక్కున ఆగిపోతుంది. దాంతోపాటే కంప్యూటరూ. ఏబెల్ వంగి బటన్ నొక్కితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.

"పాత మిషను కదన్నా, లోడు తట్టుకోలేకుండా ఉండాది," అని సర్దిచెప్పేవాడు ఏబెల్.

నిజానికి ఆ పని అతనికి చేదుగానే ఉంది. తనూ ఆడపిల్ల తండ్రే. ఒకరోజు ధైర్యం చేసి, "పాప ఉంటే ఏమన్నా? ఉండనీలే" అన్నాడు.

కుప్పయ్య ఇంతెత్తున లేచాడు. "చేతగాకపోతే చెప్పు, తిరపతికి పోయి చేయించుకుంటా! నాకు నీతులు చెప్పేదానికి కూసున్నావా ఈడ?"

తిరుపతికైతే పోలేదు గానీ, ఆ అరుపులు బజారంతా విన్నారు. ఏబెల్ కంప్యూటర్ పని అయిపోయిందన్న మాట ఊళ్ళో పాకింది. ఆల్బమ్ ఇస్తామన్న ఇద్దరు పుత్తూరుకి పోయారు. ఇక లాభం లేదని ఏబెల్ కంప్యూటర్లు బాగుచేసే పాల్‌ని పిలిపించాడు.

పాల్ డబ్బా విప్పి, దుమ్ముకి దగ్గి, "దీన్ని బాగుచేసేది లేదన్నా, మార్చేదే" అని తేల్చేశాడు.

"నాయనా, ఎట్లాగూ మారస్తా ఉండావు కదా," గ్రేసీ సందు చూసుకుంది. "గ్రాఫిక్స్ కార్డు కూడా మంచిది ఏయించు. నీ ఫోటోలకూ అయితాది, నా గేములకూ అయితాది."

వాదించే ఓపిక లేక ఏబెల్ తలూపాడు. తిరుపతి నుంచి ప్రాసెసర్, ర్యామ్, కార్డు, యూపీఎస్ అన్నీ కొత్తవి వచ్చాయి. పాతది ఇనప డబ్బా ఒక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే గ్రేసీ కార్ల రేసు మొదలుపెట్టి, అన్నానికి పిలిచేదాకా ఆడింది. ఫ్యాన్లు హోరెత్తాయి గానీ కంప్యూటర్ కన్నార్పలేదు. ఏబెల్ ప్రాణం కాస్త కుదుటపడింది. కుప్పయ్యకి ఫోన్ చేశాడు.

"రాన్నా. ఈ పొద్దు అయిపోతాది."

కుప్పయ్య వచ్చాడు. రేపే గృహప్రవేశం. "అన్నీ కొత్తవేనా? మళ్ళా ఆగదు కదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ కూర్చున్నాడు.

ఫోటో చిటికెలో తెరుచుకుంది. వెనక రంగు అయింది. ఏబెల్ రూపశ్రీ చుట్టూ గీత గీయబోయాడు.

స్క్రీన్ నల్లబడింది.

ఏబెల్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఇంత చేసినా ఇంతేనా అనిపించింది.

"సూసినావా!" కుప్పయ్య అందుకున్నాడు. "కొత్తవంట, కొత్తవి! నా మొకాన ఉండే రాత ఇది. రేపు చుట్టాలకి ఏం చెప్పేది నేను?"

"ఇంకొక్కసారి సూస్తామన్నా. గోడ ప్లగ్గులో ఏమన్నా లూజు ఉండాదేమో." ఏబెల్ వంగి మళ్ళీ ఆన్ చేశాడు. ఫోటో తెరిచి లేచాడు. "గ్రేసీ, నువ్వొచ్చి మౌస్ పట్టుకో. ఆ పాపను చెరిపెయ్. నేను ఎనక పక్క ప్లగ్గు సూస్తా."

బల్ల వెనక్కి వెళ్ళి గోడవార గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ప్లగ్గు కదిపి చూశాడు. గట్టిగానే ఉంది.

"చెరిపేస్తా ఉండా నాయనా," పైనుంచి గ్రేసీ గొంతు.

బల్ల కింద, కుప్పయ్య కాలి బొటనవేలు మెల్లగా ముందుకు జరిగి యూపీఎస్ బటన్‌ని నొక్కింది.