ఎడమవైపు నది

"చూపు నరం ఎండిపోయింది. ఇక మందులు దండగ," అన్నాడు కంటి డాక్టరు.

ఎదురుగా కూర్చున్న బస్సు డ్రైవరు తల ఊపాడు. పక్కనున్న భార్య ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఇంట్లోనూ ఏమీ అనలేదు. కంచం చేతికందిస్తుంది. చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపిస్తుంది. మాట మాత్రం లేదు.

డిపోవాళ్లు ఆయన యూనిఫాం, టిఫిను డబ్బా ఇంటికి పంపేశారు. పగలంతా బస్సులో జనాన్ని మోసి, ఇంటికొచ్చి కంప్యూటర్లో సైన్యాలను నడిపిన మనిషి. వేల ఏళ్ల కిందటి రాజ్యాలు, రథాలు, కోట ముట్టడులంటే ప్రాణం. అలాంటి కొత్త ఆట ఒకటి వస్తుందని ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

"వచ్చే నెలే విడుదల," అన్నాడొకరోజు గోడకేసి తిరిగి. "ఈసారి ఏనుగుల దళాలు కూడా పెట్టారట. ఎవడాడతాడు ఇక?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"నేను కూర్చుంటాను. తెర మీద ఏముందో చెబుతాను. ఏం నొక్కాలో మీరు చెప్పండి," అంది భార్య.

ఆ సాయంత్రమే పాఠాలు మొదలయ్యాయి. విలుకాళ్లు వెనకుండాలి. రథాలు బురదలోకి దిగకూడదు.

"మరి ఏనుగులు బెదిరితే?"

"మనవాళ్లనే తొక్కేస్తాయి."

"అదేం ఖర్మండీ."

విడుదల రోజు ఆమె కంప్యూటరు తెరిచింది. తెర మీద చిన్న ప్రకటన ఉంది. కంపెనీ మూతపడింది. ఆట ఇక రాదు.

మెట్ల మీదికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది. అతను కంప్యూటర్ల షాపులో పనిచేస్తాడు.

"మీ బావకి తెలియనివ్వకురా. ఆయనకి మిగిలింది ఆ ఒక్క ఆశే."

"సరే అక్కా," అన్నాడు.

లోపలికొచ్చి ఖాళీ తెర ముందు కూర్చుని మౌసు పట్టుకుంది.

"వచ్చిందా?" అన్నాడు డ్రైవరు.

"వచ్చిందండీ."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏం కనిపిస్తోంది?"

"మైదానం. పెద్ద మైదానం..."

"ఎడమవైపు నది ఉండాలే."

"ఆ, ఉంది."

"అవతలి గట్టున శత్రువుల డేరాలా?"

"డేరాలేనండీ. లెక్కలేనన్ని."

అలా రోజూ యుద్ధం. ఉత్తుత్తి గెలుపు చెబితే అనుమానం వస్తుందని ఆమెకు భయం. అందుకే రోజూ ఓటమే. రథాలు కూరుకుపోయేవి. కోటలు కూలేవి. ఏనుగులు వెనక్కి తిరిగేవి. శత్రురాజు పేరేమిటని ఒకసారి ఆయనే అడిగాడు. ఆమె ఊరికే మౌసు నొక్కుతూ ఉండిపోయింది.

"పేర్లకేంలే. మన గుర్రాలెక్కడున్నాయో చూడు," అన్నాడు.

నెలలు గడిచాయి. చూపు రాలేదు. డిపో నుంచి పలకరించినవాడు లేడు. సాయంత్రం కాగానే మరో సైన్యం నేలకూలేది.

ఒకరోజు ఆమె మళ్లీ మెట్ల మీదికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఎన్నాళ్లురా ఈ మోసం? నేనేం చెబితే అది నమ్ముతున్నారు. పాపమనిపిస్తోంది."

తమ్ముడు ఫోన్ చెవికి ఆనించుకుని షాపు బయటికి నడిచాడు.

విడుదలకు వారం ముందే, ఆట ఆగిపోయిందన్న కబురు తను బావకి చేరవేసినప్పుడు, "మీ అక్కకి అప్పుడే చెప్పకురా, ఆ ఆట పేరు మీదే మళ్లీ నోరు విప్పింది, ఈ నాలుగు రోజులైనా మాట్లాడనీ," అని ఆయన అతని చేత ఒట్టు వేయించుకున్నాడు.