నాలుగో నంబరు కంప్యూటర్

"ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఇదేమన్నా మీ ఇల్లా?"

లైబ్రరీ కంప్యూటర్ గది చూసుకునే మేడమ్ అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

నాలుగో నంబరు కంప్యూటర్ ముందు కూర్చున్న పెద్దాయన తలెత్తాడు. ఆయన చేతిలో ఈ-రీడర్, దాని వైరు కంప్యూటర్ పోర్టులో.

"గోడ ప్లగ్గులో పెడితే వేడెక్కుతోందమ్మా. ఇక్కడైతే నింపాదిగా ఎక్కుతుంది."

"మా అక్క కొడుకుది ఒకసారి పెడితే మూడు వారాలొస్తుంది. మీకు రోజూ నాలుగు గంటలా?"

"ముసలి బ్యాటరీ కదమ్మా, నాలాగే. ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

మామూలు రోజైతే ఆమె నవ్వేసేదే. కానీ పొద్దున్నే హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

‘మీ గది వాడకం అంతంతమాత్రం. నెలాఖరున తనిఖీ. ఏమాత్రం తగ్గినా మూసివేస్తాం.’

ఊళ్లో ఇలాంటి గదులు పన్నెండు ఉండేవి. ఇదొక్కటే మిగిలింది. ఇదీ మూస్తే ఆమెను పాత ఫైళ్ల గోడౌనుకు పంపుతారు. అక్కడ పలకరించే మనిషి ఉండడు. ఇంట్లో ఎలాగూ లేడు.

"పోనీ, కూర్చున్నంతసేపు చదవొచ్చుగా?"

"వైరు ఉంటే పుస్తకం తెరుచుకోదమ్మా."

"మరి మాటిమాటికీ ఆ మౌస్ కదపడమెందుకు?"

"కంప్యూటర్ నిద్రపోతే కరెంటు ఆగిపోతుంది. దాన్ని మేలుకొలుపుతున్నాను."

తనిఖీకి వచ్చినవాళ్లు ఈ తంతు చూస్తే తన పని అయిపోయినట్టేననుకుంది.

"పనున్నవాళ్లకి సీటుండాలి. రేపట్నుంచి రాకండి."

పక్కన ఏడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆయన ఆ మాట ఎత్తలేదు.

"ఈ నెలాఖరుదాకా రానివ్వమ్మా."

"ఒక్కరోజు కూడా కుదరదు."

ఆయన వైరు చుట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు. ఆమె ఎనిమిది కంప్యూటర్ల పోర్టులకూ టేపు అంటించింది.

మర్నాడు పది గంటలకు ఆమె చూపు తలుపు మీదికి పోయింది. ఆయన రాలేదు. పనున్నవాళ్లూ రాలేదు. ఈగలు తోలుకుందామన్నా ఆ ఏసీ గదిలో ఈగలు కూడా లేవు.

నాలుగో రోజుకు, కసురుకోవడానికైనా ఒక మనిషి ఉంటే బాగుండుననిపించింది. తన మీద తనకే కోపం వచ్చింది.

నెలాఖరున ఆఫీసరు వచ్చాడు. కుర్చీల వంక చూడనైనా లేదు. తిన్నగా వెళ్లి కంప్యూటర్లు తెరిచి, వాటిలో నమోదైన వాడకం లెక్కలు చూశాడు.

"నాలుగో నంబరు ఏడాదిగా రోజూ నాలుగు గంటలు మేలుకునే ఉందే! పద్దెనిమిది రోజుల నుంచి ఏమైంది?"

"దానిమీద ఎవరూ పని చేయలేదు సార్. ఒక పెద్దాయన ఈ-రీడర్ ఛార్జింగ్ పెట్టుకునేవారంతే. నేనే పంపించేశాను."

"ఎవరేం చేశారో మాకెందుకు మేడమ్? కంప్యూటర్ ఎంతసేపు మేలుకుని ఉందన్నదే లెక్క. రోజుకు నాలుగు గంటలు నిండకపోతే గది మూయాలి. ఇన్నాళ్లూ మీ గదిని కాపాడింది ఆయనే."

కూర్చున్న కొమ్మను తనే నరుక్కుంది.

"ఎక్కడున్నా వెతికి తీసుకొస్తాను సార్! బతిమాలుకుంటాను."

"ఈ నెల అయిపోయింది మేడమ్. నా చేతుల్లో లేదు."

అతను కాగితం మీద సంతకం పెట్టి, కలం మూయబోతూ ఆగాడు.

"ఆ ఈ-రీడర్ ఎలా ఉండేది?"

"ఆకుపచ్చ కవరు సార్. లోపలివైపు ఎవరెవరివో సంతకాలు."

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"వాటిలో నాదీ ఉంటుంది. ఆయన రిటైరైన రోజు ఆఫీసంతా కలిసి ఇచ్చాం."

"ఎవరు సార్ ఆయన?"

"ఈ నాలుగు గంటల రూలు రాసి, మిగతా పదకొండు గదులూ మూయించిన మా పెద్దసారు."