తెర మీద రాసింది చదవండి

“కర్సర్! ముందు కర్సర్ సంగతి చూడండి మేడమ్!”

“కసరకండి సార్! మెల్లగా చెప్పినా వినబడుతుంది,” అంది ఫోన్లో రెండో తరగతి టీచరమ్మ.

“కసరడం కాదండీ, కర్సర్! బోర్డు మీద బాణం గుర్తు!”

“ఓ, బాణమా! అది కదలట్లేదనే కదా మీకు ఫోన్ చేసింది.”

కంప్యూటర్ల సారు ఫోన్ని చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు చెవికి దూరంగా పట్టుకున్నాడు. ఆయన చదివింది సాఫ్ట్‌వేరు, నోరు మాత్రం హార్డ్‌వేరు. బళ్లో ఏ యంత్రం మొరాయించినా “ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి” అనడం తప్ప కుర్చీలోంచి లేవడు కనక, టీచర్లు చాటుగా ఆయన్ని ‘రీస్టార్టు సారు’ అంటారు. ఆయన కూర్చునేది మూడో అంతస్తులోని సర్వర్ గది. సర్వర్ గదన్న మాటే గాని, కాఫీ అడిగితే తెచ్చే సర్వరూ ఉండడు, సాయం అడిగితే తిన్నగా జవాబు చెప్పే మనిషీ ఉండడు.

“ఆఫ్ చేసి ఆన్ చేశారా?”

“చేశాను సార్. మళ్లీ చేశాను. వెనక బెంచీలో కరస్పాండెంటుగారూ ప్రిన్సిపాల్‌గారూ కూర్చుని ఉన్నారు, పాఠం మొదలుపెట్టాలి. మీరొక్కసారి కిందికి రారూ?”

కిందికి! ఆ మాటతో ఆయన అహం ఇంకో అంతస్తు పైకెక్కింది. కొత్తగా కొన్న డిజిటల్ బోర్డు మీద ఇవాళే తొలిపాఠం. అది సజావుగా సాగితే, తన స్కూళ్లన్నిటి కంప్యూటర్లకీ ఈయన్నే హెడ్‌ని చేస్తానన్నారు కరస్పాండెంటుగారు. కాబోయే హెడ్డు కాళ్లకి పని చెబుతాడా?

“అక్కర్లేదు. ఇక్కణ్ణుంచే మీ బోర్డులోకి దూరతాను. అనుమతి అడుగుతుంది, ఎంటర్ నొక్కండి. ఎంటర్ అంటే తెలుసు కదా? పెద్ద మీట. చిన్నవాటితో మీకు కష్టం.”

తన కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం తెరిచాడు. రెండు బటన్లు పక్కపక్కనే ఉన్నాయి. కళ్లకి శ్రమెందుకని వేలికి తగిలింది నొక్కేశాడు. తెర పైన ఓ ఎర్రపట్టీ వెలిగింది. ఏదో ప్రకటన కాబోలని దాన్ని మూలకి నెట్టాడు. తెరలో బోర్డు కనిపించాల్సిన కిటికీ మాత్రం ఖాళీగా ఉంది.

“నొక్కారా?”

“నొక్కాను సార్. ఏదో వచ్చింది.”

“రానివ్వండి. ముట్టుకోకండి. ముట్టుకుని పాడుచేస్తే పూచీ మీదే.”

“అది కాదు సార్, ఇది మీ...”

“మీరు ఆగండి. తెలిసినవాడు చూస్తున్నాడు కదా!”

ఫోన్ స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు. కిటికీలోకి బోర్డు వచ్చేదాకా పొద్దుపోవాలిగా! బావతో చాటింగ్ తెరిచి, టకటకా తెలుగులో కొట్టాడు:

“బావా! రెండో తరగతి టీచర్‌కి రెండో తరగతి బుర్రే. మౌస్ ఎక్కడుందంటే పిల్లిని అడిగే రకం.”

బావ నవ్వుబొమ్మ పంపాడు. ఇక వేళ్లు ఆగుతాయా?

“ప్రిన్సిపాల్ ఇంకా ఘనుడు. మర్చిపోతానని ‘పాస్‌వర్డ్’ అన్న మాటనే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాడు. అదీ మర్చిపోయాడు!”

ఫోన్లోంచి పిల్లల కిసకిసలు వినిపించాయి.

“ఏమిటా నవ్వులు? క్లాసుని అదుపులో పెట్టడం కూడా నేనే నేర్పాలా?”

“నవ్వు ఎందుకంటే సార్, మీరొకసారి మీ...”

“మళ్లీ మధ్యలో మీరు!”

తర్వాత కరస్పాండెంటుగారి వంతు వచ్చింది. ఆయన మీద రాసింది తనే ఓసారి చదువుకుని, మురిసిపోయి, పంపేశాడు. కిటికీ చూస్తే ఇంకా ఖాళీ. ఒళ్లు మండింది.

“ఏం నొక్కి తగలేశారు మేడమ్? మీ అందరిదీ ఒకటే జబ్బు. తెర మీద రాసింది చదివి చావరు!”

“చదవమంటారా సార్?” టీచరమ్మ గొంతులో ఇప్పటిదాకా ఉన్న బెదురు కాస్తా పోయింది.

“చదవండి! పైనించి కిందిదాకా!”

“పిల్లలతో చదివించనా? ఇవాళ్టి పాఠం ఎలాగూ చదవడమే.”

“చదివించండి! గట్టిగా! మూడో అంతస్తుకి వినబడాలి!”

స్కేలుతో బల్ల మీద తట్టిన చప్పుడైంది. ఆ తరగతిలో అది ఆనవాయితీ. స్కేలు మోగితే, బోర్డు మీద ఏముంటే అది అందరూ ఒక్క గొంతుతో చదవాల్సిందే.

“బావా! రెండో తరగతి టీచర్‌కి... రెండో తరగతి బుర్రే!”

సారు చేతిలోని మౌస్ నిజం ఎలకలా జారిపోయింది. దాన్ని పట్టుకుని, మూలకి నెట్టిన ఎర్రపట్టీని లాగి, తెర మీద రాసింది చదివాడు. “మీ తెరను అవతలివారు చూస్తున్నారు.”

పిల్లలు ప్రిన్సిపాల్‌గారి పాస్‌వర్డు దాటి, కరస్పాండెంటుగారి దగ్గరికి వచ్చేశారు. కొత్త మాట కదా, కూడబలుక్కుంటున్నారు.

“క-ర-స్పాం-డెం-టు... పొట్ట... పే-ద్ద మానిటరు! బుర్ర... ఖా-ళీ డిస్కు! ఈ బళ్లో... తల ఉన్నది... నా-కొ-క్క-డి-కే!”

“శభాష్! తప్పు లేకుండా చదివారు,” అంది కరస్పాండెంటుగారి గొంతు. “ఏం జరిగిందో అందరికీ అర్థమైందా పిల్లలూ? పైనున్న సారు మన బోర్డు తను చూడబోయి, తన తెర మనకి చూపించారు.”

ఆ గొంతు ఫోన్‌కి ఇంకాస్త దగ్గరగా వచ్చింది.

“ఏమయ్యా హెడ్డూ, మెట్లు దిగి ఇంటికెళ్లు. నిన్ను ఆఫ్ చేశాం. మళ్లీ ఆన్ చెయ్యం.”