వేళ్లు చూసిన మనిషి

“బొటనవేలు, చిటికెనవేలు కలిపి నీ ఇంకో చేతి మణికట్టు పట్టుకో తమ్మీ. కలుస్తయా?”

గడప ముందు నిలబడ్డ పరాయి మనిషి అడిగాడు.

మల్లేశం పట్టుకున్నాడు. వేళ్లు కలవడమే కాదు, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

లోపల బీడీలు చుడుతున్న తల్లి ద్రౌపది చేయి ఆగిపోయింది.

మరాఠీ దేశంలోని ఈ తెలుగు నేతగాళ్ల దాజీ పేటలో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి కుర్రాడి వేళ్లు చూశాడంటే అర్థం ఒక్కటే. భివండీ మగ్గాలకు మనుషుల్ని ఎగరేసుకుపోయే దలాలు! తెగిన పోగును కళ్లు మూసి తెరిచేలోగా అతికే పొడుగు వేళ్లంటే వాళ్లు పడిచస్తారు. మల్లేశం వేళ్ల సంగతి పేటంతా తెలుసు. పోయిన ఆమె భర్త సిద్ధరాములువీ ఇలాంటివే. కొడుక్కి తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి అదే అని ద్రౌపది గొప్పగా చెప్పుకునేది.

ఆమె బయటికి వచ్చింది.

“ఎవరయ్యా నువ్వు?”

“వాసుదేవ్ అంటరక్కా. మాది సికింద్రాబాద్.”

బక్కపలచని మనిషి. బాగా పొడుగు. కాస్త వంగిన వీపు, సోడాబుడ్డి కళ్లద్దాలు.

“మా ఇల్లు నీకెట్ల దొరికింది?”

మల్లేశం నవ్వాడు. “టేషన్‌ల చద్దర్ల మూటలు ఎత్తుతుంటే చూసిండట అవ్వా. నా ఎన్కనే వచ్చిండు.”

వాడికి అంతా తమాషాగా ఉంది. ద్రౌపదికి లేదు.

“ఈ పిల్లగాడు బరువులు ఎత్తొద్దక్కా,” అన్నాడు ఆ మనిషి. “వీళ్ల నాయన లేడంట గద, ఎట్ల పోయిండు?”

సిద్ధరాములు నలభై నిండకుండానే మగ్గం ముందు ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. ఆ రోజు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ అన్నం సయించదు. అలాంటి మాటను గడపలో నిలబడి అడుగుతాడా!

“నీకెందుకు?”

“నాతోని బొంబాయి రానియ్యి అక్కా. ఆడ నాకు ఎరుకైన పెద్ద డాక్టరున్నడు. ఛాతీ ఫోటో తీపిస్త. రైలు కిరాయి నేనే పెట్టుకుంట.”

పక్కింటి యమునాబాయి అప్పటికే చెవులు రిక్కించి ఉంది. గబగబా వచ్చి ద్రౌపదిని లోపలికి లాగింది.

“వదినా, వీడు మగ్గాల దలాలు గాదు. కిడ్నీలు కోసుకునేటోడు! లేకపోతే ఎవడన్న ఊకెనే కిరాయి పెట్టుకొని దవాఖానకు తోల్కపోతడా?”

నిజమే. ఊరికే పెట్టే మనిషిని ద్రౌపది ఇంతవరకూ చూడలేదు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. ఆమె మళ్లీ గడపలోకి దూసుకొచ్చింది.

“పో ఈడికెళ్లి!”

“జర నా చేతులు చూడక్కా. నాయి గూడ అసొంటియే.”

చూసింది. అచ్చం అలాంటివే. దాంతో ఆమె అనుమానం ఇంకాస్త బలపడింది. నమ్మించడానికి అలాంటి వేళ్లే ఉన్న మనిషిని ఏరి మరీ పంపారు, ఎంత జాణలు!

తలుపు మొహం మీదే వేసేసింది.

మర్నాడు పొద్దున చూస్తే వీధి చివర చాయ్ హోటల్ దగ్గర మళ్లీ అతనే.

“రైలు పోనిచ్చినక్కా. ఇంకోసారి చెప్పి చూద్దామని.”

“రైలు పోనిచ్చిండంట! బేరం పెద్దదే ఉన్నట్టుంది,” అన్నాడు యమునాబాయి మొగుడు నర్సప్ప, అతని కాలరు పట్టుకుంటూ.

ద్రౌపది అతని సంచి లాక్కుని రోడ్డు మీద విసిరేసింది.

“మల్ల కనబడితే పోలీసులకు పట్టిస్త!”

అతను తిరగబడలేదు. సంచి దులుపుకుని, వెళుతూ వెళుతూ అన్నాడు.

“బరువు ఎత్తకు తమ్మీ.”

ఆ సాయంత్రం కుంఠా నాకా కూడలి దగ్గర జనం గుమిగూడారు. రోడ్డు పక్కన వాసుదేవ్ ఛాతీ పట్టుకుని పడి ఉన్నాడు. స్టేషన్‌లో పని ముగించుకుని వస్తున్న మల్లేశమే చూసి రిక్షాలో వేసుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. ప్రాణం దారిలోనే పోయింది.

డాక్టరు చచ్చినవాడి చేయి చూశాడు. తర్వాత మల్లేశం చేయి చూశాడు.

“మీ అన్నా?”

“కాదు సాబ్. ఎవరో.”

డాక్టరు నమ్మలేదు. మల్లేశాన్ని అక్కడే పడుకోబెట్టి గుండె విన్నాడు. పరీక్షలన్నీ చేయించి, మర్నాడు ద్రౌపదిని పిలిపించి మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు.

“గుండె నుంచి నెత్తురు మోసే పెద్ద గొట్టం ఒకటి ఉంటుందమ్మా. దాని గోడను బిగువుగా పట్టి ఉంచడానికి ఒంట్లో ఫైబ్రిలిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మీ నేతలో పోగుకు గంజిలాగా అనుకో. పుట్టుకతోనే అది సరిగ్గా లేకపోతే మనిషి సన్నగా సాగుతాడు, వేళ్లు పొడుగవుతాయి, చూపు చెడుతుంది. లోపల గొట్టం ఉబ్బుతూ ఉబ్బుతూ ఒకరోజు చీలిపోతుంది. నీ భర్తా అలాగే పోయి ఉంటాడు. నీ కొడుక్కి ఉబ్బడం మొదలైంది. ఇక మూటలు మానేసి, మందులు వాడి, వేళకు ఆపరేషన్ చేయించుకుంటే బతుకుతాడు.”

ద్రౌపది అక్కడే నేల మీద కూర్చుని సిగ్గుతో ఏడ్చింది. అయినా మనసు మూల పాత అనుమానం పూర్తిగా చావలేదు. అతను చెప్పింది నిజమే, కానీ దారినపోయే కుర్రాడి కోసం అంత పాకులాట ఎందుకు? తనకేదో పని లేకపోతే ఈ ఊళ్లో ఎందుకుంటాడు?

పోలీసులు పంపిన కబురు అందుకుని వాసుదేవ్ భార్య కమల శవాన్ని తీసుకుపోవడానికి వచ్చింది. ద్రౌపది ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఉండబట్టలేక అడిగేసింది.

“చెల్లే, మా ఊర్ల ఆయనకు ఏం పని ఉండె?”

కమల కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఈ ఊర్ల ఏం పని లేదక్కా. గుండె నరం చీలకముందే కోసి బాగు చెయ్యాలని డాక్టరు తారీఖు ఇస్తే, ఆ ఆపరేషన్‌కే బొంబాయి పోతుండె. ఎందుకో ఏమో, నడుమ ఈడ దిగిండు.”